డంక్ పాచిపోయిందని రాసే ముందు

అబ్బయ్యా,

కావలి నుంచి నువ్వు పంపిన డంక్ కాంటెస్ట్ ఆర్టికల్ చదివా, అదే, బాస్కెట్‌బాల్‌లో గాల్లోకి ఎగిరి బంతిని చేత్తోనే రిమ్ (రింగు)లో దిగ్గొట్టే పోటీ గురించి రాసింది. చేతిలో పదును ఉండాది, ఆ డౌట్ పెట్టుకోబాక. కానీ "డంక్ కాంటెస్ట్ చచ్చిపోయింది" అని మొదలుపెట్టావు చూడు, ఆ ముక్క ఏటా ఎవురో ఒకరు రాస్తానే ఉంటారు, పాచిపోయిందని తిట్టే వాక్యమే పాచిపోయుంటే ఎట్టా నాయనా?

మన ఒంగోలు పక్క బండలాగుడు పందెంలో ఈ తలనొప్పి లేదు, ఇచ్చిన టైంలో ఏ జత ఎన్ని అడుగులు లాగిందో కొలిస్తే అయిపాయె. డంక్‌కి ఆ కొలత లేదు, ఐదుగురు జడ్జీలు, మనిషికి పది చొప్పున 50, అంతా కంటి లెక్కే. అందుకే నీ కన్ను ఏం చూసిందో రాయాల. "మైండ్ బ్లోయింగ్" అంటే నాకేం తెలుస్తాది?

2011లో బ్లేక్ గ్రిఫిన్ కారు మీద నుంచి దూకింది బో మెచ్చుకున్నావు. అతను దాటింది కారు బానెట్‌ని, పైకప్పుని కాదు. ఆ కారు, వెనకాల పాటలు పాడే గుంపు తీసేసి ఒకసారి చూడు, ఇంకొకడు ఇచ్చిన పాస్ అందుకుని రెండు చేతుల్తో వేసిన డంక్ మిగులుద్ది, బాగుంటది గానీ కొత్తేం కాదు. అట్టని సామాను కనపడగానే తిట్టబాక. 2016లో ఆరన్ గోర్డన్ చేసింది మళ్ళీ చూడు, మస్కట్ బొమ్మ (టీమ్ గుర్తుగా బొమ్మ వేషం వేసుకునే మనిషి) పైకెత్తి పట్టుకున్న బంతిని గాల్లో లాక్కుని, కుర్చీలో కూర్చున్నట్టు రెండు కాళ్ళూ ముందుకు చాపి, వాటి కింద నుంచి బంతిని అవతలి చేతికి మార్చి రిమ్‌లో వేశాడు. అక్కడ ఆ బొమ్మ లేకపోతే డంకే లేదు. ఈ తేడా పట్టుకుంటే సగం పని అయినట్టే. ఆ రోజు అతను ఓడిపోయాడు, అది వేరే కథ.

ఇంకోటి, కష్టాన్నీ కొత్తదనాన్నీ కలిపేశావు. 2020లో ఇదే గోర్డన్ ఏడడుగుల ఐదంగుళాల టాకో ఫాల్ మీద నుంచి దూకితే 47 ఇచ్చారు, 48తో డెరిక్ జోన్స్ గెలిచాడు. మనిషి మీద నుంచి దూకడం అప్పటికే పాతది, అంత ఎత్తు మనిషిని దాటడం మాత్రం మహా కష్టం. దేనికెంత ఇవ్వాలో నీ లెక్క నువ్వు చెప్పు, నేనైతే 50 ఇచ్చేవాణ్ణి.

పాతదాని మీద ఒక్క మెలిక పెట్టినా చాలబ్బా. రిమ్‌కి ఎదురుగా దూరంగా ఉండే ఫ్రీ త్రో లైన్ అనే గీత నుంచి ఎగరడం జూలియస్ ఎర్వింగ్ 1976లోనే చేశాడు, 1988లో జోర్డాన్ చేశాడు, 2016లో జాక్ లావీన్ దాదాపు అంత దూరం నుంచే లేచి బంతిని కాళ్ళ మధ్య నుంచి తిప్పి మరీ వేశాడు. నీ ఆర్టికల్‌లో లావీన్ పేరే లేదేంది?

మొదటి పేరా కొట్టేయ్. గోర్డన్ డంక్‌ని స్లోమోషన్‌లో పెట్టుకుని, ఏ చెయ్యి ఎప్పుడు ఎక్కడుందో ఒక పేరా రాసి ఆదివారం లోపల వాట్సాప్‌లో పంపు.