సరిహద్దు దాటే ముందు

చిరంజీవి సౌభాగ్యవతి కావ్యకు పెద్దమ్మ ఆశీస్సులు.

డాలస్‌లో నీకు ఇంజనీరు ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ చెప్పినప్పటి నుంచి నాకు ఒక పక్క గర్వంగానూ, మరో పక్క గుండె దడగానూ ఉంది. కెనడా పౌరసత్వం వచ్చింది కనుక ఇక అమెరికాకు వీసా గొడవే లేదని అన్నావట. పాస్‌పోర్టులో వీసా ముద్ర అక్కర్లేదన్నది నిజమే గాని, అనుమతి అక్కర్లేదని కాదు తల్లీ. చుట్టపుచూపుగా వెళితే సాధారణంగా ఆరు నెలల వరకు ఉండనిస్తారు, కానీ ఆ హోదాలో ఉద్యోగం చేయకూడదు. చదువుకునేవాళ్లకు కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రం, విదేశీ విద్యార్థుల నమోదుకు కట్టే సెవిస్ ఫీజు రసీదు కావాలి.

నీకు కావలసింది టీఎన్ హోదా, అంటే కెనడా, మెక్సికో పౌరులైన వృత్తి నిపుణులు అమెరికాలో తాత్కాలికంగా పని చేసే అనుమతి. 1994లో ఆ మూడు దేశాల వాణిజ్య ఒప్పందం నాఫ్టాతో మొదలైన ఈ ఏర్పాటు 2020 జూలై 1 నుంచి కొత్త ఒప్పందం కింద సాగుతోంది. ఒకసారికి మూడేళ్ల వరకు ఇస్తారు, పొడిగించుకోవచ్చు. నీ బీటెక్ హైదరాబాద్‌లో చేసినది కాబట్టి, అది అమెరికా డిగ్రీకి సమానమని చెప్పే మదింపు నివేదికను పట్టాతో జతచెయ్యి. కంపెనీ లేఖలో నీ పని, జీతం, కాలపరిమితి, ఒప్పందపు జాబితాలో అది ఏ వృత్తి కిందకు వస్తుందో స్పష్టంగా ఉండాలి. ఇది తాత్కాలిక హోదా కనుక శాశ్వత ఉద్యోగమన్న మాట అందులో ఉండకూడదు.

ఇక నేను చేసిన తప్పు చెబుతాను. మీ అమ్మకు కూడా పూర్తిగా చెప్పలేదు.

2004 ఫిబ్రవరిలో నాకు అమెరికా వైపు బఫెలోలో ఉద్యోగం కుదిరింది. సంతకంతో ఉన్న లేఖ ఇంకా రాలేదు. ఈలోగా ఇల్లు చూసి సామాను పెట్టి వద్దామని కెనడా వైపు ఫోర్ట్ ఎరీ దగ్గర సరిహద్దు వంతెన పీస్ బ్రిడ్జి మీదకు కారులో బయలుదేరాం. ఎక్కడికని అమెరికా సరిహద్దు అధికారి అడిగితే, స్నేహితుల ఇంటికి రెండు రోజులకని చెప్పాను. ఆయన డిక్కీ తెరిపించాడు. బియ్యం బస్తా, కుక్కరు, అమ్మమ్మ పంపిన ఆవకాయ జాడీ, వాటి కింద నా డిగ్రీ పట్టాల ఫైలు. లోపలికి తీసుకెళ్లి ఆ జాడీని ఇనుప బల్ల మీద పెట్టి, పక్కనే ఫైలు తెరిచి, రెండు రోజులకు పట్టాలెందుకని నెమ్మదిగా అడిగాడు. నా నోట మాట రాలేదు. మూడు గంటలు కూర్చోబెట్టి, వేలిముద్రలు తీసుకుని, ప్రవేశం కోరడాన్ని నేనే విరమించుకున్నట్లు సంతకం చేయించుకుని వెనక్కి పంపారు. అది ఆయన దయ. అబద్ధం చెప్పినట్లు నమోదైతే ఆ దేశం తలుపు జీవితాంతం మూసుకుపోవచ్చు. తిరుగుదారిలో మీ అన్నయ్య, అప్పటికి ఐదేళ్లవాడు, ఇల్లు చూడలేదేమని అడుగుతూనే ఉన్నాడు. రెండు వారాల తర్వాత సంతకమైన లేఖతో వెళితే అనుమతి ఇచ్చారు గాని, ఆ తర్వాత ఏళ్ల తరబడి వెళ్లిన ప్రతిసారీ నన్ను సెకండరీకి, అంటే లోపలి గదిలో అదనపు తనిఖీకి పంపేవారు. బిడ్డ చెయ్యి పట్టుకుని ఆ గదిలో కూర్చున్నప్పుడల్లా, ఆనాడు నిజం చెప్పి ఉంటే బాగుండేదని ఏడుపు వచ్చేది.

కాబట్టి అడిగినదానికే, ఉన్నదున్నట్లు జవాబు చెప్పు. కాగితం సిద్ధం కాకపోతే ప్రయాణం వాయిదా వేసుకో. ఉద్యోగంలో చేరడం వారం ఆలస్యమైతే కొంపలేమీ మునగవు, వింటున్నావా?

మీ ఆయన సంగతి మరిచిపోకు. ఆయనది ఇంకా భారత పాస్‌పోర్టే. కెనడా శాశ్వత నివాసపు పీఆర్ కార్డు ఉన్నా, టీఎన్ వాళ్ల భార్యకో భర్తకో ఇచ్చే టీడీ వీసా కోసం అమెరికా కాన్సులేట్‌కు వెళ్లవలసిందే. ఆ వీసా మీద చదువుకోవచ్చు గాని ఉద్యోగం చేయకూడదు. ఇది మీరిద్దరూ ఇప్పుడే కూర్చుని మాట్లాడుకోండి. మీ పెదనాన్న నా కోసం ఏడాది పాటు ఖాళీగా కూర్చుని, ఒక్కరోజూ పైకి అనకుండా లోపల కుమిలిపోయారు.

దిగగానే నీ ప్రవేశాన్ని నమోదు చేసే ఐ-94 రికార్డు తెరిచి హోదా, గడువు తేదీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకో.

అమెరికా ప్రవేశ తనిఖీ అంతా టొరంటో పియర్సన్ విమానాశ్రయంలోనే, విమానం ఎక్కకముందే జరుగుతుంది. నిన్ను నేనే దింపుతాను. దాటగానే ఫోన్ చెయ్యి, అప్పటిదాకా పార్కింగ్‌లోనే ఉంటాను.

ఇట్లు,
నీ పెద్దమ్మ