డాక్టర్ సలహా: యూరిన్ పైపు ఉన్న మనిషికి జ్వరం తిరగబెడితే సొంత వైద్యం వద్దు

ప్రశ్న: మా నాన్నగారికి 71 ఏళ్లు. తుంటి ఎముక విరిగితే ఆపరేషన్ చేసి, పన్నెండు రోజుల తర్వాత యూరిన్ పైపుతోనే ఇంటికి పంపారు. వారానికి చలిజ్వరం వచ్చింది. మందుల షాపులో సెఫిక్సిమ్, పారాసెటమాల్ ఇచ్చారు. మూడు రోజుల్లో తగ్గితే ఆపేశాం. ఇప్పుడు మళ్లీ జ్వరం. యూరిన్ కల్చర్‌లో (మూత్రంలోని క్రిమిని పెంచి చూసే పరీక్ష) ‘ఈ.కోలి, ఈఎస్‌బీఎల్ పాజిటివ్’ అని వచ్చింది. ఇది ఆసుపత్రిలోనే అంటుకుందా? జెనీవాలో ఒక డాక్టరు చేతుల శుభ్రతతో ఇలాంటివి తగ్గించారని చదివాను, మన దగ్గర ఎందుకు జరగదు? పిల్లలు తాతయ్య దగ్గరికి వెళ్లవచ్చా?
– ఒక పాఠకురాలు, నరసరావుపేట

జవాబు: మీరు అడిగిన మూడింటికన్నా అడగని సంగతే నన్ను ఎక్కువ కలవరపెడుతోంది. ఆ పైపు ఇంకా ఎందుకు ఉంది, మధ్యలో మార్చారా లేదా అన్నది మీరు రాయలేదు. ఆయనను ఈ రోజే ఆపరేషన్ చేసిన డాక్టరుకో, యూరాలజిస్టుకో చూపించండి. వణుకు, మగత, పొంతన లేని మాటలు, ఆయాసం, మూత్రం తగ్గడం, బీపీ పడిపోవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఓపీ కోసం ఆగకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి. తుంటి ఆపరేషన్ తర్వాత జ్వరానికి గాయం, ఊపిరితిత్తులు, కాలి సిరలో రక్తం గడ్డకట్టడం కూడా కారణం కావచ్చు గనుక, కల్చర్ రిపోర్టు ఒక్కటే చూసి తేల్చేయడం సరికాదు.

ఈ.కోలి అంటే పేగుల్లో ఉండే ఒక బాక్టీరియా. ఈఎస్‌బీఎల్ అనేది ఆ క్రిమి తయారుచేసుకునే ఎంజైము. సెఫిక్సిమ్, సెఫ్‌ట్రయాక్సోన్ వంటి యాంటీబయాటిక్ మందులను అది పనిచేయనీయదు. కాబట్టి అప్పట్లో జ్వరాన్ని తగ్గించింది బహుశా పారాసెటమాలే. సెఫిక్సిమ్ మాత్రం కడుపులో ఉన్న సాధు క్రిములను చంపి, మందుకు లొంగని వాటికి చోటు ఖాళీ చేసి ఉంటుంది. ఈ మందు షెడ్యూల్ హెచ్1 అనే ప్రభుత్వ జాబితాలో ఉంది. 2014 మార్చి నుంచి దీన్ని చీటీ చూసి, రోగి పేరు, డాక్టరు పేరు ప్రత్యేక రిజిస్టరులో రాసుకుని మాత్రమే అమ్మాలి. చీటీ లేకుండా ఇచ్చిన షాపుది తప్పే, అడిగి తెచ్చుకున్న మీది కూడా తప్పేనమ్మా. ఇప్పుడు రిపోర్టులో ‘ఎస్’ (క్రిమి ఆ మందుకు లొంగుతుందని గుర్తు) అని ఉన్న మందును వెతికి కొనే పొరపాటు కూడా చేయకండి. ఉదాహరణకు నైట్రోఫ్యురాంటోయిన్ అనే మందు ఎదురుగా ‘ఎస్’ ఉండవచ్చు. అది మూత్రాశయం వరకు పనికివస్తుందే తప్ప, జ్వరంతో కిడ్నీదాకా పాకిన ఇన్‌ఫెక్షన్‌కు చాలదు. ఏ మందు, ఎంత మోతాదు అన్నది క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూసి, మనిషిని పరీక్షించిన డాక్టరే నిర్ణయించాలి. నేను ఇక్కడినుంచి పేరు రాయలేను.

పైపు లోపలి గోడలకు క్రిములు జిగురు పొరలా పట్టుకుని ఉంటాయి, ఆ పొరలోకి యాంటీబయాటిక్ సరిగా చేరదు. అవసరం తీరితే పైపు తీసేయడమే చికిత్సలో సగం. ఇంకా అవసరమైతే కొత్తది వేసి, దాని నుంచే శాంపిల్ తీయించాలి. పాత పైపు నుంచో, బ్యాగులో నుంచో తీసిన మూత్రంలో క్రిమి కనబడటం పెద్ద విశేషమేమీ కాదు.

ఆసుపత్రిలోనే అంటుకుందా అంటే, కచ్చితంగా చెప్పడం సాధ్యం కాదు. సాధారణంగా చేరిన 48 గంటల తర్వాత మొదలైన ఇన్‌ఫెక్షన్‌ను ఆసుపత్రి లెక్కలో వేస్తారు. అయితే మన దేశంలో ఆరోగ్యంగా ఉన్న ఎందరి పేగుల్లోనో ఈఎస్‌బీఎల్ ఈ.కోలి ముందే ఉంటోంది, పైపు దానికి దారి చూపుతుంది.

మీరు చదివింది బహుశా డిడియే పిటె గురించి. జెనీవా విశ్వవిద్యాలయ ఆసుపత్రుల్లో ఆయన బృందం గమనించినది ఏమిటంటే, పని ఒత్తిడి పెరిగినకొద్దీ చేతులు శుభ్రం చేసుకోవడం తగ్గుతోంది. సబ్బుతో సరిగా కడుక్కోవడానికి 40 నుంచి 60 సెకన్లు కావాలి. సింకు దాకా వెళ్లి రావడం అదనం. అందుకే ఆల్కహాల్ ద్రావణాన్ని మంచం పక్కకే తెచ్చారు. 1994లో 48 శాతంగా ఉన్న చేతుల శుభ్రత 1997కు 66 శాతమైంది, ఆసుపత్రి ఇన్‌ఫెక్షన్లు 1998 నాటికి 16.9 నుంచి 9.9 శాతానికి తగ్గాయి. అదే కాలంలో ఇతర జాగ్రత్తలూ తీసుకున్నారు కనుక మొత్తం ఘనత దీనికే ఇవ్వలేం. నర్సులు బాగా మారారు, మా డాక్టర్లు పెద్దగా మారలేదని కూడా ఆ అధ్యయనమే చెప్పింది.

మన దగ్గర జరగకపోవడానికి డబ్బు సాకు కాదు. ఈ ద్రావణాన్ని ఆసుపత్రి ఫార్మసీలోనే చవకగా కలుపుకునే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009 మార్గదర్శకాల్లో ఇచ్చింది. ఒక నర్సు ఎన్ని మంచాలు చూస్తోంది, మంచం దగ్గర సీసా ఉందా, పైపు ఇంకా అవసరమా అని రోజూ ఎవరైనా అడుగుతున్నారా అన్నవి చూడాలి. ఈసారి చేర్పించవలసి వస్తే మీ నాన్నగారిని ముట్టుకునేముందు చేతులు శుభ్రం చేసుకోమని ఎవరినైనా మర్యాదగా అడగండి, డాక్టరైనా సరే.

పిల్లలు తాతయ్య దగ్గరికి నిరభ్యంతరంగా వెళ్లవచ్చు, విడి కంచాలు అక్కర్లేదు. పైపునూ బ్యాగునూ మాత్రం ముట్టనివ్వకండి. బ్యాగు ఖాళీ చేసేవారు ముందూ తర్వాతా సబ్బుతో చేతులు కడుక్కోవాలి. అది ఎప్పుడూ మూత్రాశయం కన్నా కిందనే వేలాడాలి, నేలను తాకకూడదు. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు డిశ్చార్జి సమ్మరీ, కల్చర్ రిపోర్టుతోపాటు ఆ సెఫిక్సిమ్ అట్ట కూడా తీసుకువెళ్లండి, ఎన్ని మాత్రలు వేశారో దాచకుండా చెప్పండి.