ఆ నీడిల్ మీద చెయ్యి తియ్యి చిన్నా

చిన్నా,

నీ నైట్రో రిమోట్ కారు వీడియో చూశాను. కారు కీచుమని దూసుకుపోతుంటే నువ్వు మురిసిపోతున్నావు గానీ నాకు మాత్రం టెన్షన్, ఎందుకంటే సైలెన్సర్ వెనక పొగ చార కూడా లేదు. లీన్‌గా నడుస్తోంది, అంటే గాలికి తగినంత ఫ్యూయల్ అందట్లేదు. మిథనాల్, నైట్రోమీథేన్‌తో కలిసి వచ్చే నూనె తప్ప ఈ ఇంజిన్‌కి వేరే నూనె లేదు, ఫ్యూయల్ తగ్గించావంటే నూనె కూడా తగ్గినట్టే, పిస్టన్, స్లీవ్ అరిగిపోతాయి.

ముందు రెండు మూడు రౌండ్లు తిప్పి ఇంజిన్ వేడెక్కనివ్వు. హై నీడిల్‌ని, అదే ఫుల్ స్పీడ్‌లో ఫ్యూయల్ ఎంత వెళ్లాలో చూసే కార్బ్యురేటర్ స్క్రూని, ఎడమకి తిప్పు (ఎడమకి తిప్పితే ఫ్యూయల్ పెరుగుతుంది, కుడికి తిప్పితే తగ్గుతుంది), పొగ దట్టంగా వచ్చి బండి బద్ధకంగా లాగేదాకా. తర్వాత కుడికి, గడియారంలో ఒక గంట జరిగినంత మాత్రమే, తిప్పిన ప్రతిసారీ ఒకసారి ఫుల్ థ్రాటిల్‌లో నేరుగా పోనివ్వు. లాగుడు శుభ్రంగా ఉండి సన్నటి పొగ ఇంకా కనిపిస్తుంటే చాలు. ఇంకొంచెం తిప్పుదామా అనిపిస్తుంది చూడు, అక్కడే ఆగాలి.

తక్కువ స్పీడ్‌లో ఫ్యూయల్‌ని చూసే లో నీడిల్ సంగతి తర్వాత. ఐడిల్‌లో ఉండగా కార్బ్యురేటర్ దగ్గర ఫ్యూయల్ ట్యూబ్‌ని వేళ్లతో నొక్కి పట్టు. శబ్దం కొంచెం పెరిగి రెండు మూడు సెకన్లకి ఆగిపోతే సరిగ్గా ఉన్నట్టు, నొక్కగానే చచ్చిపోతే లీన్, ఎంతకీ ఆగకపోతే రిచ్, అంటే ఫ్యూయల్ ఎక్కువైనట్టు. ఐడిల్ వేగాన్ని సరిచేసే ఐడిల్ స్క్రూ ఆఖర్న. మూడూ ఒకేసారి తిప్పేవాణ్ని దేవుడు కూడా కాపాడలేడు.

హెడ్ మీద వేడి 100 నుంచి 120 డిగ్రీల మధ్య ఉంటే మంచిది. టెంపరేచర్ గన్ లేకపోతే ఒక నీటి చుక్క వెయ్యి, చుయ్‌మని క్షణంలో ఆవిరైపోతే వెంటనే ఆపేసి హై నీడిల్ ఎడమకి తిప్పు.

ఇంకో మాట, మన హైదరాబాద్‌లో చాలామంది దెబ్బతినేది ఇక్కడే. మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల ఎండలో గాలి పలచగా ఉంటుంది, అప్పుడు కుదిరిన సెట్టింగ్‌తోనే డిసెంబర్ పొద్దున్నే ఘట్‌కేసర్ అవతల ఏదో వెంచర్‌లో స్టార్ట్ చేస్తే చల్లటి గాలి చిక్కగా ఉండి అదే సెట్టింగ్ లీన్ అయిపోతుంది. చలికాలంలో ముందే హై నీడిల్‌ని గడియారంలో ఒక గంట జరిగినంత ఎడమకి తిప్పి మొదలుపెట్టు. ఎంత తిప్పినా ట్యూన్ నిలవకపోతే నీడిల్స్ వదిలేసి కొత్త గ్లో ప్లగ్ (ఇంజిన్‌లో ఫ్యూయల్‌ని రాజేసే ప్లగ్), కొత్త ఫ్యూయల్ పెట్టి చూడు.

మిథనాల్ మంట పగటి వెలుగులో కనపడదు, బాల్కనీలో ఈ ప్రయోగాలు వద్దు, అమ్మ ఊరుకోదు కూడా. ఆట అయ్యాక ట్యాంక్ ఖాళీ చేసి, లైన్‌లో మిగిలింది ఐడిల్‌లోనే కాలిపోనిచ్చి, ప్లగ్ తీసి నాలుగు చుక్కలు ఆఫ్టర్‌రన్ ఆయిల్ (తుప్పు పట్టకుండా వేసే నూనె) వేసి ఫ్లైవీల్ చేత్తో తిప్పు. మిథనాల్ తేమని లాక్కుంటుంది, మన వానాకాలంలో బేరింగ్‌లు తుప్పు పట్టేది అందుకే.

మామయ్య