చదరంగంలో అన్నిటికన్నా గొప్ప ఆట ఏది?
పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

(గళ్ల పేర్లు ఎప్పటిలాగే: తెల్లపావుల వైపు నుంచి చూస్తే ఎడమ నుంచి కుడికి ఎ, బి, సి, డి, ఇ, ఎఫ్, జి, హెచ్, కింది నుంచి పైకి 1 నుంచి 8.)

ప్రశ్న: మా క్లబ్‌లో ఈ వాదన ఎప్పటికీ తెగడం లేదు. పెద్దవాళ్లు 1851 నాటి ఆండర్సెన్ 'అమర క్రీడ' అంటారు. కుర్రాళ్లు 1999లో కాస్పరోవ్ టొపలోవ్‌ను ఓడించిన ఆట అంటారు. మీ తీర్పు ఏమిటి? – ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: మా ఓటు కాస్పరోవ్–టొపలోవ్ ఆటకే. నెదర్లాండ్స్‌లోని వైక్ ఆన్ జీలో 1999 జనవరి 20న జరిగింది. ఎందుకు ఎంచామో తెలియాలంటే మేం ఆటను ఎలా తూకం వేస్తామో చెప్పాలి. మొదట చూసేది, ఓడినవాడు ఎంత గట్టిగా ఎదురు నిలిచాడన్నది. అవతలివాడు వరసగా తప్పులు చేస్తే ఎంత అందమైన బలి (కావాలనే పావును ఇచ్చేయడం) అయినా సగం విలువే. రెండోది, బలిని స్వీకరించాక దాడి నిజంగా నిలబడుతుందా అన్నది. మూడోది, చివరి దెబ్బకు కావలసిన పావులు ఎప్పటి నుంచి ఆ చోట్లకు చేరుతున్నాయన్నది.

24వ ఎత్తుకు ముందున్న స్థితిని బల్ల మీద పేర్చుకోండి. తెలుపు: రాజు బి1, మంత్రి ఎఫ్4, ఏనుగులు డి1, ఇ1, శకటు హెచ్3, గుర్రం ఎ5, బంట్లు ఎ3, బి2, సి2, డి5, ఎఫ్3, జి3, హెచ్2. నలుపు: రాజు ఎ7, మంత్రి డి6, ఏనుగులు డి8, హెచ్8, శకటు ఎ8, గుర్రం ఎఫ్6, బంట్లు ఎ6, బి5, సి5, డి4, ఎఫ్7, జి6, హెచ్7. ఎత్తు తెలుపుది.

కాస్పరోవ్ ఏనుగుతో డి4 బంటును తీశాడు. టొపలోవ్ సి5 బంటుతో ఆ ఏనుగును తీశాడు. వెంటనే రెండో ఏనుగు ఇ7కి వచ్చి చెక్ చెప్పింది. దాన్ని నల్లమంత్రి తీస్తే ఏమవుతుందో మీరే కదిపి చూడండి: తెల్లమంత్రి డి4లో చెక్, రాజు బి8, మంత్రి బి6లో చెక్, శకటు బి7లో అడ్డం, గుర్రం సి6లో చెక్, రాజు ఎ8, మంత్రి ఎ7లో ఆటకట్టు. బి7లోని శకటు తన రాజుకూ తెల్లమంత్రికీ మధ్య ఇరుక్కుపోయింది కాబట్టి సి6 గుర్రాన్ని తీయలేదు. అందుకే టొపలోవ్ రాజును బి6కి నడిపాడు. అక్కడి నుంచి ఆ రాజు ఎ5లో గుర్రాన్ని తిని, ఎ4, ఎ3, బి4, సి3, డి2 మీదుగా డి1 దాకా, అంటే తెలుపు సొంత మొదటి వరస దాకా వెళ్లాల్సి వచ్చింది.

ఈ వేటలో మాకు అన్నిటికన్నా ఇష్టమైనది 36వ ఎత్తు. 19వ ఎత్తులో హెచ్3కి వెళ్లి, అప్పటిదాకా కదలకుండా ఉన్న శకటు ఎఫ్1కి దిగి సి4లోని నల్లమంత్రిని పట్టుకుంది. మంత్రి దాన్ని తీస్తే తెల్లమంత్రి సి2లో చెక్, రాజు ఇ1, ఏనుగు ఇ7లో చెక్, తర్వాతి ఎత్తులో ఆటకట్టు. నలుపు ఏనుగును డి2లో అడ్డం పెట్టాడు. దానికి తెల్లఏనుగు డి7కి వచ్చింది, ఇదీ బలే. నల్లఏనుగు దాన్ని తీయగానే శకటు మంత్రిని తీసింది, బి5 బంటు శకటును తీసింది, తెల్లమంత్రి హెచ్8లోని ఏనుగును తీసింది. 44వ ఎత్తుకు టొపలోవ్ ఓటమి ఒప్పుకున్నాడు.

మచ్చ లేదా అంటే ఉంది. 24వ ఎత్తులో ఆ ఏనుగును తీయకుండా రాజును బి6కి జరిపి ఉంటే నలుపు ఆటను సమంగా నిలిపేవాడు. 28వ ఎత్తులో కాస్పరోవ్ మంత్రిని సి3కి వేశాడు; ఏనుగును ఎ7కి వేసి ఉంటే గెలుపు ఇంకా దగ్గరయ్యేది. అయినా మా ఓటు మారదు. బలి తీసుకున్నాక టొపలోవ్ దాదాపు ప్రతి ఎత్తులోనూ ఎక్కువసేపు నిలబడే దారినే వెతికాడు, అయినా దాడి ఎక్కడా చల్లారలేదు. మంత్రి, ఏనుగు, శకటు, ఒక చిన్న సి2 బంటు కూడా వంతు వంతుగా పని చేశాయి.

ఇక అమర క్రీడ. 1851 జూన్ 21న లండన్‌లో, టోర్నీ ఆట కాకుండా సరదాగా ఆడినది. ఆండర్సెన్ ఒక శకటును, రెండు ఏనుగులను, మంత్రిని ఇచ్చేసి 23వ ఎత్తులో చిన్న పావులతోనే ఆటకట్టు చేశాడు. చూడడానికి ఇంతకంటే అందమైనది అరుదు. కానీ మా మొదటి కొలతలో అది నిలవదు. ఎందుకో తర్వాతి జవాబులో ఉంది.

ప్రశ్న: అమర క్రీడను ఇంజిన్‌లో (చదరంగం ఆడే కంప్యూటర్ ప్రోగ్రాంలో) పెడితే ఇద్దరి ఎత్తుల్లోనూ తప్పులే చూపిస్తోంది. మరి పాత ఆటలన్నీ కొట్టేయాలా? – ఒక విద్యార్థిని, రాజమహేంద్రవరం

జవాబు: కొట్టేయకండి. కానీ ఇంజిన్ ఏం చెబుతోందో సరిగా చదవండి. ఆ ఆటలో 18వ ఎత్తులో ఆండర్సెన్ శకటును డి6కి వేశాడు. బంటును డి4కి తోసినా, శకటును ఇ3కి తెచ్చినా గెలుపు తేలిక. డి6కు జవాబుగా నల్లపావులతో ఆడిన కీసెరిట్స్కీ జి1లోని ఏనుగును తీశాడు. ముందు మంత్రితో ఎ1 ఏనుగును చెక్‌తో తీసి, తెల్లరాజు ఇ2కి వచ్చాక మంత్రిని బి2కి వెనక్కి తెచ్చుకుని ఉంటే నలుపుకు ఇంకా ప్రాణం ఉండేది. అంటే ఆటలో అందమంతా ఆ ఒక్క చోట అవతలివాడి చూపు తప్పడం మీద నిలబడింది.

ఇంజిన్‌తో చేసే పని వరస ఇది. మొదటిసారి ఫోన్ పక్కన పెట్టి, బల్ల మీద మొత్తం ఆట ఆడండి. మలుపు అనిపించిన మూడు నాలుగు చోట్ల ఆగి మీరైతే ఏం ఆడేవారో కాగితం మీద రాయండి. ఆ తర్వాతే స్టాక్‌ఫిష్ వంటి ఇంజిన్ తెరవండి. మంచి ఎత్తు ఒక్కటే కాకుండా మొదటి మూడూ చూపేలా పెట్టండి. రెండో మంచి ఎత్తుకూ మొదటిదానికీ తేడా ఎంతో తెలిస్తేనే ఆ ఎత్తు కష్టమైనదో కాదో తెలుస్తుంది. తేడా రెండు మూడు బంట్లంత ఉంటే అక్కడ దారి ఒక్కటే ఉన్నట్టు. అలాంటి ఒక్క దారులను వరసగా కనిపెట్టినవాడిదే గొప్ప ఆట.

ఎక్కువమంది ఇంజిన్ పక్కన ఎవరిది పైచేయో చూపే తెలుపు–నలుపు పట్టీని చూసి తీర్పు చెప్పేస్తారు. పెద్ద బలులున్న స్థితిలో మొదటి కొన్ని క్షణాలు ఆ పట్టీ తప్పుదారి పట్టిస్తుంది, లోతు పెరిగేకొద్దీ అంకె తారుమారవుతుంది. అంకె నిలకడగా ఉండేదాకా ఆగండి. కాస్పరోవ్ ఆటలో 24వ ఎత్తు దగ్గర ఇది చేసి చూడండి, తేడా కళ్లకు కడుతుంది.

ప్రశ్న: 'శతాబ్దపు ఆట' అన్న పేరు ఫిషర్ ఆటకు ఉంది కదా, దాన్నెందుకు మొదట పెట్టరు? – ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఆ పేరు పెట్టింది చదరంగ రచయిత హాన్స్ క్మోఖ్. 1956 అక్టోబరు 17న న్యూయార్క్‌లో డోనాల్డ్ బర్న్ మీద నల్లపావులతో ఆడినప్పుడు ఫిషర్‌కు 13 ఏళ్లు. 17వ ఎత్తులో తన మంత్రిని వదిలేసి శకటును ఇ6కి వేయడం ఇప్పటికీ పిల్లలకు చూపించదగ్గ ఎత్తు. బర్న్ శకటుతో ఆ శకటును తీస్తే మంత్రి బి5లో చెక్, రాజు జి1. గుర్రం ఇ2లో చెక్, రాజు ఎఫ్1. గుర్రం జి3కి వెళ్లి జంట చెక్ (గుర్రం, మంత్రి రెండూ ఒకేసారి), రాజు మళ్లీ జి1. మంత్రి ఎఫ్1లో బలి, ఏనుగు దాన్ని తీయక తప్పదు. గుర్రం ఇ2లో ఆటకట్టు. అందుకే బర్న్ మంత్రిని తీశాడు. ఫిషర్‌కు బదులుగా ఒక ఏనుగు, రెండు శకట్లు, ఒక బంటు దక్కాయి. 41వ ఎత్తులో ఆటకట్టు.

పదమూడేళ్లవాడు ఆడిన ఆటల్లో దీనికి సాటి లేదంటాం. మొత్తం ఆటల్లో మొదటిది అనకపోవడానికి కారణం బర్న్ 11వ ఎత్తు. క్యాస్లింగ్‌కు (రాజును పక్కకు చేర్చి దాచే ఎత్తుకు) దారి చేసుకోకుండా, ఒకసారి కదిపిన శకటునే మళ్లీ కదిపి జి5కి వేశాడు. రాజు నడిబల్ల మీద ఉండిపోయింది.

ప్రశ్న: బలులు లేకుండా గొప్ప ఆట ఉండదా? – ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: ఉంటుంది. న్యూయార్క్ 1924, కపబ్లాంకా–టార్టకోవర్. ఏనుగుల ముగింపులో కపబ్లాంకా 35వ ఎత్తు నుంచి సి3, ఎఫ్4 బంట్లను చెక్‌తో పోగొట్టుకుంటూ రాజును జి3, హెచ్4, జి5 మీదుగా ఎఫ్6కి నడిపించాడు. ఎఫ్5లోని నల్లబంటును వెంటనే తినలేదు. అది ఉన్నంతసేపు వెనక నుంచి వచ్చే చెక్‌లకు తన రాజుకు అదే అడ్డుగోడ. ముగింపులో రాజు దాక్కునేది కాదు, దాడి చేసేది అన్న సంగతి దీనంత బాగా ఏ ఆటా చెప్పదు. మా వరసలో ఇది మొదటి ఐదింట్లో ఉంటుంది.

ప్రశ్న: మనవాళ్ల ఆట ఒక్కటీ ఆ స్థాయిలో లేదా? గుకేశ్ ప్రపంచ విజేత అయిన ఆట? – ఒక పాఠకుడు, డల్లాస్

జవాబు: ఉంది. వైక్ ఆన్ జీ 2013, అరోనియన్ మీద నల్లపావులతో ఆనంద్ 23 ఎత్తుల్లో గెలిచిన ఆట. 15వ ఎత్తులో శకటును సి5కి, డి4 బంటు నోటికి ఎదురుగా పెట్టాడు. మరుసటి ఎత్తులో డి7 గుర్రాన్ని ఇ5లో పెట్టాడు. ఎఫ్4 బంటు దాన్ని తీస్తే డి వరస ఖాళీ అయి మంత్రి డి4లో చెక్, రాజు హెచ్1, మంత్రి జి1లో బలి, ఏనుగు తీశాక గుర్రం ఎఫ్2లో ఆటకట్టు. దీన్ని 1907లో వూచ్ నగరంలో రొట్లెవి మీద రూబిన్‌స్టీన్ నల్లపావులతో ఆడిన ఆట పక్కన పెట్టి చూడండి. రెండింటిలోనూ నల్లశకట్ల జత పక్కపక్క కర్ణాల మీద నుంచి తెల్లరాజు వైపు గురిపెట్టి ఉంటుంది. ఆనంద్ ఆట చాలా వరకు ఇంటి దగ్గర సిద్ధం చేసుకున్నదే అన్నది కొందరికి లోపం. మాకు కాదు, ఆ తయారీ కూడా ఆటలో భాగమే.

చెన్నైలో తెలుగు కుటుంబంలో పుట్టిన గుకేశ్ 2024 డిసెంబరు 12న సింగపూర్‌లో గెలిచిన 14వ ఆట మనకు ఎంతో విలువైనది. అతని సహాయకుల్లో మన గుంటూరు హరికృష్ణ కూడా ఉన్నారు. కానీ డ్రా వైపు సాగుతున్న స్థితిలో 55వ ఎత్తులో డింగ్ లిరెన్ ఏనుగును ఎఫ్2కి వేయడం పెద్ద పొరపాటు. ఏనుగుల మార్పిడి తర్వాత నల్లశకటు డి5కి రాగానే శకట్లూ మారిపోయి, ఒక బంటు ఎక్కువున్న గుకేశ్ గెలిచాడు. చరిత్రలో పెద్ద ఆట, మా మొదటి కొలతలో మాత్రం నిలవదు.

ప్రశ్న: మా తొమ్మిదేళ్ల అమ్మాయికి మొదట ఏ గొప్ప ఆట చూపించాలి? – ఒక తల్లి, విజయవాడ

జవాబు: కాస్పరోవ్ ఆట వద్దమ్మా, అది తర్వాత. 1858లో పారిస్ ఒపెరా హౌస్‌లో మోర్ఫీ ఆడిన 17 ఎత్తుల ఆట చూపించండి. ఒకే విడతలో ముగుస్తుంది. నాలుగు చోట్ల ఆపి పాపనే ఎత్తు అడగండి. 8వ ఎత్తు దగ్గర 'బి7 బంటును మంత్రితో తినొచ్చు కదా, ఎందుకు తినలేదు?' అనండి, తింటే నల్లమంత్రి బి4లో చెక్ చెప్పి మంత్రుల మార్పిడి చేసేస్తుంది, దాడి పోతుంది. 10వ ఎత్తులో గుర్రం బలి, 13వ ఎత్తులో ఏనుగు డి7లో గుర్రాన్ని తీయడం. చివరగా 16వ ఎత్తు: మంత్రి బి8లో బలి, గుర్రం తీయక తప్పదు, ఏనుగు డి8లో ఆటకట్టు, వెనక జి5 శకటు కాపు. చెప్పేయకండి, పది నిమిషాలు పట్టినా తననే వెతకనివ్వండి. ఆట అయ్యాక ఎఫ్8 శకటు, హెచ్8 ఏనుగు ఒక్కసారి కూడా కదల్లేదని చూపించండి. మర్నాడు చూడకుండా ఆ ఆటను బల్ల మీద మళ్లీ పేర్చమనండి. ఎక్కడ ఆగిపోయిందో ఆ ఎత్తు కారణం ఇంకా అర్థం కాలేదన్నమాట, అక్కడి నుంచే మళ్లీ మొదలుపెట్టండి.