ఫ్యాన్ ఫిల్మ్ చూసినవాళ్ళ మాటల్లో ఏది పట్టించుకోవాలి?

రాయగడ నుంచి అడిగినవారి ప్రశ్న క్లుప్తంగా ఇదీ: స్నేహితులు కలిసి ఓ పాత తెలుగు సైన్స్ ఫిక్షన్ సినిమా మీద అభిమానంతో ఇరవై నిమిషాల ఫ్యాన్ ఫిల్మ్ తీశారు. వీధిలో తెర కట్టి చూపిస్తే నవ్వకూడని చోట జనం నవ్వారు. యూట్యూబులో పెడితే కొందరు కాపీ అన్నారు, కొందరు గ్రాఫిక్స్ చెత్త అన్నారు, చుట్టాలేమో సూపర్ అన్నారు. పైగా వెనకాల మూలసినిమా పాట వాడినందుకు కాపీరైట్ క్లెయిము పడింది. ఎవరి మాట నమ్మాలి, మళ్ళీ ఎడిట్ చేసి పెట్టాలా అని.

మాది ఆంధ్రా సరిహద్దుకి ఆనుకుని ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి. మేమూ ఈ పని చేశాం కాబట్టి చెప్తున్నాను. ఏమన్నారో చూసేముందు ఎవరన్నారో చూడండి. ఫ్యాన్ ఫిల్మ్ చూసేవాళ్ళు రెండు రకాలు. మూలసినిమా కంఠతా వచ్చినవాళ్ళు ఒకరు, మీ ఊరు కంఠతా వచ్చినవాళ్ళు ఒకరు. మొదటివాళ్ళు ఆ సినిమా పక్కన పెట్టి కొలుస్తారు, రెండోవాళ్ళు ఊరి పక్కన పెట్టి కొలుస్తారు. ఈ రెండు కొలతలూ ఒకే కుప్పలో పోసి "సగంమందికి నచ్చింది, సగంమందికి నచ్చలేదు" అని లెక్క కడితే ఏమీ తేలదు.

మాది 'ఆదిత్య 369' ఫ్యాన్ ఫిల్మ్. 1991లో సింగీతం శ్రీనివాసరావు తీసిన ఆ సినిమాలో టైమ్ మెషిన్ 1526లో కృష్ణదేవరాయల కాలానికీ, 2504లోకీ వెళ్తుంది కదా. అదే మెషిన్ దారి తప్పి మా ఊళ్ళో దిగితే? ఓ కుర్రాడు అందులో ఎక్కి 1900లో తేలతాడు. ఆ ఏడే పర్లాకిమిడి రాజావారి చిన్నరైలు నౌపడ నుంచి మా ఊరికొచ్చింది. రెండున్నర అడుగుల పట్టాలు. 1931 నాటికి గుణుపురం దాకా పాకి, 2004లో ఆగిపోయింది. ఆ తర్వాత పెద్ద పట్టాలు వేశారు. ఆ చిన్నరైలు ఎక్కి తిరిగినవాళ్ళు మా వీధుల్లో ఇంకా బోలెడుమంది ఉన్నారు. రైలు తెర మీదికి రాగానే వాళ్ళంతా ప్రేక్షకులు కావడం మానేసి సాక్షులైపోయారు.

మెషిన్ సంగతి ముందు చెప్తాను, మీ "నవ్వకూడని చోట నవ్వారు" అన్నదానికి అది జవాబు. మా టైమ్ మెషిన్ ఓ పాత సింటెక్స్ ట్యాంకు. పక్కన తలుపంత కన్నం కోసి, సైకిల్ రిమ్ములు బిగించి, పెళ్ళి లైటింగు అతని దగ్గర సీరియల్ లైట్లు తెచ్చి చుట్టాం. వినాయక చవితి పందిట్లో మొదటిసారి వేశాం. మెషిన్ పొగలోంచి బయటపడే షాట్ గంభీరంగా వచ్చిందని మా నమ్మకం. అది రాగానే ముందువరస పిల్లలు ఒక్కసారిగా "అది మా మేడమీది ట్యాంకురా!" అని అరిచారు, పందిరి పందిరంతా విరగబడి నవ్వింది. మా దర్శకుడి మొహం మాడిపోయింది. కానీ ఆ నవ్వులో వెక్కిరింత లేదు. తమ వస్తువు తెర మీద కనపడిన సంబరం అది. నవ్వాక ఎవరూ లేచి వెళ్ళలేదు, గోల సద్దుమణిగి మళ్ళీ కథలో పడ్డారు. మీ వీధిలో నవ్వినప్పుడు ఆ తర్వాత అర నిమిషం ఏం చేశారో గుర్తు తెచ్చుకోండి. మళ్ళీ తెర వైపు చూశారా, ఫోన్లు తీశారా? నవ్వు కంటే అదే పనికొచ్చే సంగతి.

అసలు ఇంటి సామాను చూపించి నవ్వించడమే పనిగా పెట్టుకున్నవాళ్ళున్నారు. 1978లో అమెరికాలో 'హార్డ్‌వేర్ వార్స్' అని 'స్టార్ వార్స్' మీద పేరడీ తీశారు, అందులో అంతరిక్షనౌకల బదులు ఇస్త్రీపెట్టె, టోస్టరు ఎగురుతాయి. మన దగ్గర మహారాష్ట్రలో మాలేగావ్ అనే మరమగ్గాల ఊరివాళ్ళు సూపర్‌మ్యాన్‌ని తమ గల్లీలోకి దింపారు, దాని తయారీ మీద 2008లో డాక్యుమెంటరీ కూడా వచ్చింది. వాళ్ళు తమ చవకతనాన్ని దాచలేదు. మీది గంభీరమైన కథ అయితే నవ్వుని పూర్తిగా ఆపలేరు. ఆ మొదటి నవ్వు నవ్వేసుకోవడానికి కాస్త జాగా ఇచ్చి, ముఖ్యమైన డైలాగు దాని వెనకాల పెట్టుకోవాలి. పిల్లల కేకల్లో మా సైంటిస్టు మాట ఒక్కటీ వినపడలేదు. పక్కన జనరేటరు మోత ఒకటి.

ఇక గ్రాఫిక్స్. నెట్లో ఎవరికైనా తేలిగ్గా దొరికే తిట్టు ఇది, ఇందులో పనికొచ్చేది తక్కువ. మా రైలు ఇంజను థర్మాకోల్‌ది, మూరెడు పొడవు. పొగకి సాంబ్రాణి వేశాం. మామూలుగా సెకనుకి 24 ఫ్రేముల్లో తీస్తే పొగ చురుగ్గా లేచి బొమ్మ అని పట్టించేస్తుంది. అదే ఫోన్లో 120 ఫ్రేముల్లో తీసి 24లో ఆడిస్తే ఐదింతలు నిదానంగా, బరువుగా కదులుతుంది. పెద్ద సినిమాలవాళ్ళు మినియేచర్లకి, అంటే చిన్న బొమ్మ నమూనాలకి, చేసేదీ ఇదే. కెమెరాని నేలకి ఆనించి, బొమ్మ పట్టాల ఎత్తులో పెట్టాం. ఇంజను బొమ్మ అని మా ఊళ్ళో ఒక్కరూ అనలేదు. అన్నది ఇంకొకటి.

తెర మీద అందంగా కుదరడానికి ఆ షాట్‌ని ఎడిటింగులో అద్దంలో బొమ్మలా అటుదిటు తిప్పాం. ఆట అయిపోయాక ఓ రిటైరైన రైల్వే తాతగారు నా భుజం పట్టుకుని, "ఒరే, ఆ బండి ఎటెల్తంది? నౌపడెల్లీ బండికి మహేంద్రగిరి ఎడం పక్కనుండాల. కుడిపక్కకెలాగొచ్చిందిరా?" అని నిలదీశారు. టైమ్ మెషిన్ ఉందంటే నమ్మారు, కుర్రాడు నూరేళ్ళు వెనక్కి వెళ్ళాడంటే నమ్మారు, కొండ పక్క మారిందంటే మాత్రం ఊరుకోలేదు. ఇలా పట్టుకున్నవాళ్ళని వదలకండి. అంత కళ్ళు పెట్టి చూస్తేనే ఆ తప్పు దొరుకుతుంది. మొదటినుంచీ ఫోన్ చూసుకున్నవాడికి దొరికేది "గ్రాఫిక్స్ బాలేదు" ఒక్కటే.

ఇంకో మాస్టారు ఓ కాగితం మీద రాసి తెచ్చారు. స్టేషను బోర్డు మీద ఒడిశా అని ఉంది, 1936 ఏప్రిల్ 1కి ముందు ఒడిశా రాష్ట్రం ఎక్కడిదయ్యా, అప్పుడు మనం మద్రాసు ప్రెసిడెన్సీలో గంజాం జిల్లా కదా అని. రెండోది గిడుగు వారి గురించి. 1900లో గిడుగు రామమూర్తి పంతులుగారు ఇక్కడే పాఠాలు చెప్తున్నారు కదా, ఆయన్ని ఓ షాట్లో నడిపించాం. తలపాగా, పైన కండువా, చేతిలో కాగితాల కట్ట. కుర్రాడికి వాడుకభాష గురించి రెండు ముక్కలు చెప్తారు. మాస్టారు పట్టుకున్నదేమిటంటే, వాడుకభాష ఉద్యమం మొదలైంది 1906 ప్రాంతంలో, 1900లో ఆయన ధ్యాస కొండల్లోని సవర గిరిజనుల భాష మీద ఉండేది అని. నూటికి నూరుపాళ్ళు నిజం. ఆ షాట్లో పంతులుగారు వెనక్కి తిరిగి ఉంటారు, పెదాలు కనపడవు. గొంతు మార్చి, సవర పాటలు రాసుకోవడానికి కొండ మీదికి వెళ్తున్నానని డబ్బింగ్ చెప్పించాం. దానికి ఖర్చేమీ కాలేదు. మీకొచ్చిన ఫిర్యాదుల్లోనూ ఇలా ధ్వనితో సరిపోయేవి ముందు ఏరుకోండి, మళ్ళీ షూటింగ్ చేయాల్సినవి తర్వాత సంగతి.

ఆ పంతులుగారి షాటే నాకు ఈ రెండు రకాల ప్రేక్షకుల తేడా బాగా చూపించింది. పందిట్లో ఈలలు అన్నిటికంటే దానికే పడ్డాయి. నెట్లో ఓ వీరాభిమాని "మధ్యలో ఈ ముసలాయన ఎవరు, కథకి అడ్డం" అని రాశాడు. అతనికి కావలసింది మూలసినిమాలో ఫలానా డైలాగు, ఫలానా నేపథ్య సంగీతం. అవి సరిగ్గా పెట్టామని మెచ్చుకున్నది కూడా అతనే. మా పక్కింటి ఒడియా కుటుంబానికేమో ఆ డైలాగులే చప్పగా అనిపించాయి. వాళ్ళకి మూలసినిమా తెలీదు, కుర్రాడు ఫలానా ఫోజు పెడితే చుట్టుపక్కల ఎందుకు చప్పట్లు కొడుతున్నారో అర్థం కాక మా వైపు చూశారు. చిన్నరైలు మాత్రం వాళ్ళదీ కదా, అక్కడ మాతోపాటే కేకలు వేశారు. ఇలాంటి సరిహద్దు ఊళ్ళో తీసేవాళ్ళకి నా సలహా ఒకటే. మూలసినిమా చూడనివాడికి కూడా కథ అర్థమయ్యేలా ఉండాలి, ఒడియా సబ్‌టైటిల్స్ తప్పకుండా వేయండి. మాకు వాటివల్లే గుణుపురం వైపు నుంచి చూసేవాళ్ళు పెరిగారు.

పొగడ్తల విషయం. కామెంట్లన్నీ "మెషిన్ సూపర్ బ్రో" అని. యూట్యూబ్ స్టూడియోలో ఆడియన్స్ రిటెన్షన్ అని ఓ గీత ఉంటుంది, జనం ఏ క్షణంలో వెళ్ళిపోతున్నారో చూపిస్తుంది. మెషిన్ తయారుచేసే సీను దగ్గర మా గీత చతికిలపడింది. మెచ్చుకున్నవాళ్ళు అబద్ధం చెప్పలేదు, మెషిన్ బాగుంది, సీను సాగదీశాం, అంతే. స్టేషను దగ్గర గీత పైకి లేచింది, అంటే వెనక్కి జరిపి మళ్ళీ చూశారన్నమాట. చుట్టాల "సూపర్" కంటే ఈ గీత నయం. డిస్‌లైకులు పడ్డాయేమో అందరూ చూస్తారని బెంగ పెట్టుకోకండి, 2021 నవంబరు నుంచి ఆ అంకె చూసేవాళ్ళకి కనపడదు.

మా సినిమా మీద వచ్చినవాటిలో నాకు అన్నిటికంటే గట్టి మాట మా వీధి మామ్మగారిది. మా కథ చివర కుర్రాడు 1900లోనే ఉండిపోతాడు, రైలెక్కి చెయ్యి ఊపుతాడు. ఆవిడ లేచి చీర దులుపుకుంటూ, "ఆ గుంటడు అమ్మకి సెప్పకుండా అక్కడే ఉండిపోనాడేటి? ఆ తల్లి ఏటైపోద్ది?" అంది. మా జట్టులో దీనిమీద పెద్ద గొడవే అయింది. తల్లికి ఉత్తరం చేరే సీను కలపాలని ఇద్దరు, ముగింపు చెడుతుందని మిగతావాళ్ళు. చివరికి కలపలేదు. నా మట్టుకు నాకు కలిపుంటే బాగుండేదనే ఉంది, ఆ మాట గ్రూపులో ఇప్పటికీ అంటూనే ఉంటాను, తిట్లు తింటూనే ఉంటాను.

"కాపీ" అన్నవాళ్ళకి జవాబివ్వక్కర్లేదు. ఫ్యాన్ ఫిల్మ్ అంటేనే మరొకరి లోకంలో ఆడుకోవడం. కానీ హక్కులు వాళ్ళవేనన్న సంగతి మరవకూడదు. 2015 డిసెంబరులో 'స్టార్ ట్రెక్' అనే అమెరికా సైన్స్ ఫిక్షన్ సీరియల్ హక్కుదారులు 'ఆక్సనార్' అనే ఫ్యాన్ ఫిల్మ్ మీద కేసు వేశారు, దాన్ని తీసేవాళ్ళు అభిమానుల దగ్గర పది లక్షల డాలర్లకు పైగా వసూలు చేశారు మరి. ఆపై 2016 జూన్‌లో ఆ హక్కుదారులు ఫ్యాన్ ఫిల్ములకి నియమాలు పెట్టారు: కథ 15 నిమిషాలు దాటకూడదు, రెండు భాగాలైతే మొత్తం 30, చందాలు 50,000 డాలర్లు మించకూడదు, వ్యాపారం చేయకూడదు. ఆ కేసు 2017 జనవరిలో రాజీతో ముగిసింది. మన చట్టంలో సినిమా హక్కు విడుదలైన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్ళు, అంటే 1991 సినిమాకి 2051 దాకా. కాబట్టి టికెట్టు పెట్టకండి, యాడ్స్ పెట్టకండి, మొదట్లోనే ఇది అభిమానులు తీసింది, అసలువారికి సంబంధం లేదు అని రాయండి.

మళ్ళీ ఎడిట్ చేసి పెట్టాలా అన్నారు. యూట్యూబులో అదే లింకు మీద కొత్త వీడియో మార్చే వీలు లేదు. కొత్తగా ఎక్కిస్తే వ్యూస్, కామెంట్లు పాతదాంతోనే పోతాయి. కానీ స్టూడియో ఎడిటరులో ముక్కలు కత్తిరించొచ్చు, క్లెయిము పడిన పాటని మ్యూట్ చేయొచ్చు, వేరే సంగీతంతో మార్చొచ్చు. క్లెయిము వేరు, స్ట్రైకు వేరు. క్లెయిముకి యాడ్ డబ్బు హక్కుదారుకి పోతుంది, లేదా వీడియో ఆగుతుంది. స్ట్రైకంటే హక్కుదారు ఫిర్యాదు మీద వీడియో తీసేసి ఛానలుకి ఇచ్చే హెచ్చరిక, అవి 90 రోజుల్లో మూడు పడితే ఛానలే పోతుంది. మీరు ముందు ఆ పాట తీసేయండి, తర్వాత మీ గీత ఎక్కడ పడిందో చూసి ఆ సాగిన చోట కత్తిరించండి. ముగింపుని మాత్రం ఇప్పుడే ముట్టుకోకండి, ఇంకో వీధిలో ఇంకోసారి వేసి చూశాక ఆలోచించుకోవచ్చు. ఈసారి జనరేటరు దూరంగా పెట్టించండి.