నిద్ర కోసం ఇంట్లో హెర్బల్ టీ: ఎంతసేపు మరిగించాలన్నది తరువాత, ముందు ఆ గుండె దడ సంగతి చూపించుకోండి

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నా వయసు 47 సంవత్సరాలు. ఐదారు నెలలుగా రాత్రిళ్లు నిద్ర సరిగ్గా పట్టడం లేదు, మనసు ఊరికే ఆందోళన పడుతోంది. మందులకు అలవాటు పడడం ఇష్టం లేక ఇంట్లోనే హెర్బల్ టీ చేసుకుంటున్నాను. ఎండిన చామొమైల్ పూలు, వలేరియన్ వేరు కలిపి మరిగించి, చక్కెర వద్దనుకుని తీపి కోసం అతిమధురం ముక్కలు వేసి, చివర్లో అర చెంచా అశ్వగంధ పొడి కలుపుతాను. రోజుకు మూడు నాలుగు కప్పులు తాగుతున్నాను. ఒక్కోసారి బాగా చేదుగా వస్తోంది. పూలను, వేర్లను ఎంతసేపు మరిగించాలి? ఒకేసారి ఎక్కువ చేసి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చా? తులసి, పుదీనా కూడా కలిపితే ఇంకా బాగా పనిచేస్తుందా? థైరాయిడ్ తక్కువగా ఉన్నందుకు లెవోథైరాక్సిన్ 100 మైక్రోగ్రాములు, బీపీకి క్లోర్థాలిడోన్ ఉన్న మాత్ర వాడుతున్నాను. ఈ మధ్య అప్పుడప్పుడు గుండె దడగా ఉంటోంది. బరువు కూడా ఐదు కిలోలు తగ్గాను, అది మంచిదే అనుకుంటున్నాను. మరీ నిద్ర పట్టని రోజున మా అక్క వాడే నిద్రమాత్ర సగం వేసుకుంటాను.
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీరు అడిగినవన్నీ టీ గురించే. నన్ను ఆపినవి మాత్రం ఉత్తరం చివర మీరు తేలిగ్గా రాసిన మూడు విషయాలు: గుండె దడ, ప్రయత్నం లేకుండా తగ్గిన ఐదు కిలోల బరువు, మీ అక్కగారి నిద్రమాత్ర. అందుకే మరిగించే సంగతి కాసేపు పక్కన పెట్టి, ముందు వాటి గురించి రాస్తాను. మిమ్మల్ని చూడకుండా, నాడి పట్టకుండా రాస్తున్న మాటలివి కనుక వీటిని సూచనలుగానే తీసుకోండి. నిర్ణయం మిమ్మల్ని పరీక్షించే వైద్యులదే.

నిద్రలేమి, ఆందోళన, గుండె దడ, బరువు తగ్గడం ఒకే మనిషిలో కలిసి కనిపించినప్పుడు, పైగా ఆ మనిషి లెవోథైరాక్సిన్ వాడుతున్నప్పుడు, ఒంట్లో థైరాయిడ్ హార్మోను అవసరానికి మించి ఉందా అన్న అనుమానం ఏ వైద్యుడికైనా ముందు వస్తుంది. కొన్నేళ్ల కిందట సరిపోయిన మోతాదు ఇప్పుడు ఎక్కువై ఉండవచ్చు. దానికి మీరు అశ్వగంధ చేర్చారు. అశ్వగంధ కొందరిలో థైరాయిడ్ హార్మోన్ల స్థాయిని పెంచగలదు, అరుదుగా కాలేయాన్ని కూడా దెబ్బతీసిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. మీ విషయంలో జరిగింది అదేనని రక్తపరీక్ష చేయకుండా నేను చెప్పలేను. నెలసరి ఆగిపోయే దశ దగ్గరపడినా దడ, నిద్రలేమి, చిరాకు ఇలాగే ఉంటాయి; రక్తహీనతలోనూ దడ వస్తుంది. ఏది నిజమో తేల్చేది పరీక్షలే. నిద్ర పట్టకపోవడమే జబ్బనుకుని మీరు ఐదారు నెలలుగా దానికి మందు కాచుకుంటున్నారు, అది మరో జబ్బు చూపిస్తున్న లక్షణం కావచ్చునన్న ఆలోచన మీకు రాలేదు. బరువు తగ్గడం మంచిదే అనుకున్నారు. తిండి తగ్గించకుండా, నడక పెంచకుండా ఐదు కిలోలు తగ్గితే అది వెంటనే చూపించుకోవలసిన విషయం.

ఇక అతిమధురం. చక్కెర మానేయాలన్న మీ ఆలోచన మంచిదే, కాని దాని స్థానంలో మీరు ఎంచుకున్నది మీ బీపీకీ మీ మాత్రకూ పడనిది. అతిమధురంలోని గ్లైసిరైజిన్ అనే పదార్థం మూత్రపిండాల్లో ఒక ఎంజైమును అడ్డుకుంటుంది. అలా అడ్డుకున్నప్పుడు కార్టిసాల్ అనే హార్మోను అక్కడ చేయకూడని పని చేయడం మొదలుపెడుతుంది: ఉప్పు, నీరు శరీరంలో నిలిచిపోతాయి, బీపీ పెరుగుతుంది, పొటాషియం మూత్రంలో బయటికి పోతుంది. మీరు వాడుతున్న క్లోర్థాలిడోన్ కూడా మూత్రంలో పొటాషియాన్ని పోగొట్టే మందే. రెండూ కలిస్తే పొటాషియం ప్రమాదకరంగా పడిపోవచ్చు. కండరాల నీరసం, కాళ్ల పిక్కలు పట్టేయడం, గుండె లయ తప్పడం దాని ఫలితాలు. రోజుకు 100 మిల్లీగ్రాములకు మించి గ్లైసిరైజిన్ క్రమం తప్పకుండా తీసుకోవద్దని ఐరోపా సమాఖ్య ఆహార శాస్త్ర కమిటీ 2003లో సూచించింది. బీపీ ఉన్నవారికి అంతకన్నా తక్కువే చేటు చేయవచ్చు. మీరు వేసే ముక్కల్లో అది ఎంత ఉందో, మరిగించినప్పుడు ఎంత దిగుతోందో ఇంట్లో కొలిచే మార్గం లేదు. ఈ రోజు నుంచే అతిమధురం, అశ్వగంధ రెండూ ఆపండి. ఆపిన తరువాత కూడా అతిమధురం ప్రభావం ఒకటి రెండు వారాలు ఉండవచ్చు కనుక, మానేశాను కదా అని పరీక్ష వాయిదా వేయకండి. లెవోథైరాక్సిన్, బీపీ మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపవద్దు, సగం చేయవద్దు.

మీ వైద్యుల దగ్గరకు ఈ వారంలోనే వెళ్లి ఈసీజీ, టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 (ఈ రెండూ థైరాయిడ్‌వి), పొటాషియం, సోడియం, క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పేది), హిమోగ్లోబిన్, కాలేయ పరీక్షలు చేయించే విషయం అడగండి. ఏవి అవసరమో వారు నిర్ణయిస్తారు. దడతో పాటు ఛాతీలో నొప్పి, ఆయాసం, కళ్లు తిరిగి పడిపోవడం, నాడి క్రమం తప్పి కొట్టుకోవడం లాంటివి ఉంటే వారం దాకా ఆగకుండా అప్పటికప్పుడు అత్యవసర విభాగానికి వెళ్లాలి.

నిద్రమాత్ర విషయంలో కొంచెం గట్టిగా చెప్పక తప్పదు. మీ అక్కగారికి రాసిన మాత్ర ఆమె వయసు, ఆమె జబ్బులు, ఆమె వాడే ఇతర మందులు చూసి ఒకరు రాసినది. అది మీకు పనికివస్తుందని ఎవరూ తేల్చలేదు. దాని పేరు కూడా మీరు రాయలేదు. అది ఆందోళనకు, నిద్రకు రాసే అల్ప్రాజోలం జాతికి చెందినదైతే, మత్తు కలిగించే వలేరియన్‌తో కలిసి మగత మరింత పెరుగుతుంది. రాత్రి లేచినప్పుడు తూలి పడడం, మరునాడు వాహనం నడిపేటప్పుడు తల దిమ్ముగా ఉండడం అలాంటి కలయికల వల్లే జరుగుతుంటాయి. మందులకు అలవాటు పడడం ఇష్టం లేక టీ మొదలుపెట్టానని రాసిన మీరే, త్వరగా అలవాటయ్యే మందుల కోవకు చెందినదై ఉండే అవకాశమున్న మాత్రను ఎవరి పర్యవేక్షణా లేకుండా వేసుకుంటున్నారు. ఎన్ని రోజులకొకసారి వేసుకుంటున్నారో దాచకుండా మీ వైద్యులకు చెప్పండి. రోజూ వేసుకునే స్థితికి వచ్చి ఉంటే మాత్రం ఒక్కసారిగా ఆపకూడదు. ఈ జాతి మందులను హఠాత్తుగా మానేస్తే మూర్ఛ కూడా రావచ్చు కనుక మోతాదును వైద్యులే నెమ్మదిగా తగ్గిస్తారు.

ఇదే ఉత్తరాన్ని మీ వైద్యులకు చూపించారా? చూపించి ఉండరని అనుకుంటున్నాను, ఎందుకంటే టీని మందుగా ఎవరూ లెక్కపెట్టరు. కొన్నేళ్ల కిందట పొటాషియం పదే పదే పడిపోతున్న ఒకామెకు నేను మూడుసార్లు పరీక్షలు రాయించాను. వచ్చిన ప్రతిసారీ వేరే మందులేమైనా వాడుతున్నారా అని అడిగాను, లేదని ఆమె నిజాయితీగానే చెప్పింది. రోజూ ఏమేం తాగుతారని నాలుగోసారి అడిగినప్పుడు గాని ఉదయం, సాయంత్రం తాగే అతిమధురం కషాయం సంగతి బయటపడలేదు. తప్పు ఆమెది కాదు, నేను అడిగిన తీరుది. అప్పటి నుంచి ప్రతి రోగినీ కషాయాలు, పొడులు, టీలు, ఎవరో చెబితే వేసుకునే మాత్రలు అని పేరుపేరునా అడుగుతున్నాను. అందరు వైద్యులకూ అంత తీరిక ఉండకపోవచ్చు, కాబట్టి వాళ్లు అడగకపోయినా మీరే చెప్పాలి. మీరు వాడే పూలు, వేర్లు, పొడులను వాటి ప్యాకెట్లతో సహా ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. చిల్లరగా కొన్న పొడిలో ఏ మొక్క ఎంత ఉందో చెప్పడం ప్యాకెట్ చూసినా కష్టమే, చూడకపోతే అసాధ్యం.

ఇప్పుడు మీరు అడిగిన దానికి వస్తాను. మీ టీ చేదెక్కడానికి కారణం పూలనూ వేర్లనూ ఒకే గిన్నెలో ఒకే సమయం మరిగించడం. పూలు, ఆకులు మరిగించేవి కావు. నీళ్లు మరిగిన తరువాత మంట ఆపి, ఒక కప్పు నీటికి రెండు గ్రాముల దాకా ఎండిన చామొమైల్ పూలు వేసి, మూత పెట్టి, ఐదు నుంచి పది నిమిషాలు ఉంచి వడకట్టాలి. మూత తప్పనిసరి, ఎందుకంటే పూలలోని సుగంధ తైలాలు ఆవిరితో పాటు ఎగిరిపోతాయి. గట్టి వేర్లు, బెరళ్లు అయితే సన్నని మంట మీద పది, పదిహేను నిమిషాలు కాచవచ్చు. వలేరియన్‌ వేరులోనూ ఎగిరిపోయే తైలాలే ఉంటాయి కనుక దాన్ని మరిగించరు, వేడి నీటిలో మూత పెట్టి నానబెడతారు. అయితే వలేరియన్ మీకు ప్రస్తుతం వద్దు. దీర్ఘకాలిక నిద్రలేమికి దాన్ని వాడవద్దనే అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2017 మార్గదర్శకాల్లో సూచించింది. వడకట్టిన టీని ఫ్రిజ్‌లో ఒక రోజుకు మించి ఉంచవద్దు. గోరువెచ్చటి నీటిలో పూలు వేసి పగలంతా బయట వదిలేస్తే సూక్ష్మజీవులు పెరుగుతాయి. పొగలు కక్కుతుండగా తాగడం కూడా మంచిది కాదు. 65 డిగ్రీల సెల్సియస్‌కు మించిన వేడితో తాగే పానీయాలను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో క్యాన్సర్ కారకాలయ్యే అవకాశం ఉన్న జాబితాలో చేర్చింది.

తులసి, పుదీనా కూడా కలపాలా అంటే, వద్దు. ఐదారు మొక్కలు కలిపి తాగితే ఏది మేలు చేసిందో, ఏది దద్దురు తెచ్చిందో ఎవరూ చెప్పలేరు. ఒకసారి ఒక్కటే వాడాలి. పుదీనా కడుపులోని ఆమ్లాన్ని పైకి రాకుండా ఆపే కండరాన్ని సడలిస్తుంది కనుక గుండెల్లో మంట ఉన్నవారికి పడుకునే ముందు అది పనికిరాదు. చామొమైల్ ఒక్కటే అయితే, మీ పరీక్షలు సరిగ్గా ఉండి మీ వైద్యులు సరేనంటే, సాయంత్రం ఒక కప్పు తాగడంలో నాకు పెద్ద అభ్యంతరం లేదు. పడుకునే గంటన్నర ముందే తాగేయండి, లేకపోతే మూత్రానికి లేవడంతోనే నిద్ర చెడుతుంది. ఉపయోగం కొద్దిగానే ఉంటుంది. దాని మీద జరిగిన అధ్యయనాలు చిన్నవి. అయినా పని ఆపి, ఫోను, టీవీ కట్టేసి, ఒక కప్పు ముందు ప్రశాంతంగా కూర్చోవడం కొందరికి నిజంగానే మేలు చేస్తుందని నా రోగులలో చూశాను. చామొమైల్, మన చామంతి ఒకే మొక్క కాదు, ఒకే కుటుంబానికి చెందినవి మాత్రమే. చామంతి జాతి పూలు తగిలితే తుమ్ములు, దద్దుర్లు వచ్చేవారు చామొమైల్ తాగకూడదు.

ఇది చదివే మిగతావారి కోసం రెండు మాటలు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారు చామొమైల్‌ను కూడా అడగకుండా మొదలుపెట్టకూడదు. ఆందోళనకని దొరికే సెయింట్ జాన్స్ వోర్ట్ అనే మొక్క గర్భనిరోధక మాత్రల, వార్ఫరిన్, అవయవ మార్పిడి మందుల ప్రభావాన్ని తగ్గించేస్తుంది, డిప్రెషన్ మందులతో కలిస్తే ప్రమాదం. కావా అనే వేరు కాలేయాన్ని తీవ్రంగా దెబ్బతీయగలదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఇలాంటివేవీ సొంతంగా వాడవద్దు. ఏడాది నిండని పిల్లలకు టీలో గాని మరి దేనిలో గాని తేనె కలిపి ఇవ్వకూడదు, బాట్యులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు రావచ్చు.

పరీక్షల్లో ఏ లోపమూ తేలక, వారానికి మూడు రాత్రుల చొప్పున మూడు నెలలకు పైగా నిద్ర పట్టని స్థితే మిగిలితే దానికి చికిత్స ఉంది. నిద్రలేమి కోసం రూపొందించిన కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీని మందులకన్నా ముందు ప్రయత్నించాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజిషియన్స్ 2016లో సూచించింది. పడక మీద గడిపే సమయాన్ని, నిద్ర గురించి పెంచుకున్న భయాన్ని సరిచేసే పద్ధతి అది. సాధారణంగా కొన్ని వారాల పాటు సాగుతుంది, మాత్ర అవసరం ఉండకపోవచ్చు. మందులకు అలవాటు పడకూడదన్న మీ కోరికకు సరిపోయేది అదే. మీరు చూపించుకునే వైద్యులను దాని గురించి కూడా అడగండి, కాని ముందు ఈసీజీ, రక్తపరీక్ష. లెవోథైరాక్సిన్‌ను ఉదయం పరగడుపున మంచినీళ్లతోనే వేసుకుని, కనీసం అరగంట దాకా ఏ టీ తాగకండి; రక్తం ఇచ్చే రోజున మాత్ర ముందు వేసుకోవాలా, తరువాతా అన్నది పరీక్ష రాసిన వారినే అడిగి వెళ్లండి.