ఎండలో స్కర్టు, ఒరుసుకుపోయే తొడలు: చంద్రపూర్‌కి కొత్తగా వచ్చిన చెల్లికి

చెల్లీ, నువ్వు రాసింది చదివాను. మంచిర్యాల నుంచి మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాకి వచ్చి, తడోబా పులుల అడవి దగ్గర రిసార్టులో ఫ్రంట్ డెస్క్ ఉద్యోగంలో చేరావు. యూనిఫాం మోకాళ్ల దాకా స్కర్టు. మధ్యాహ్నానికల్లా తొడల లోపలివైపు ఎర్రబడి, మంటెత్తి, అడుగు తీసి అడుగు వేయలేకపోతున్నావు. ఆన్‌లైన్‌లో తొడలు ఒరుసుకోకుండా రాసుకునే ఏదో విదేశీ స్టిక్ చూసి, ఆర్డర్ పెట్టబోయి ఆగానన్నావు. ఆగి మంచి పని చేశావు. మొదటి జీతం చేతిలో పడకముందే ఇలాంటి వాటికి ఖర్చు పెట్టడం అలవాటైతే పరాయి రాష్ట్రంలో నిలదొక్కుకోవడం కష్టం. నేను పెళ్లి చేసుకుని చంద్రపూర్ పక్కనే ఉన్న బల్లార్షా వచ్చిన కొత్తలో నాకీ మాట చెప్పేవాళ్లు లేరు. నీకు నేనున్నాను, కాబట్టి శ్రద్ధగా విను.

ఇక్కడి ఎండ మన ఊరి ఎండలాంటిదే అనుకుని వస్తారు మనవాళ్లు. మేలో 45 డిగ్రీలు దాటడం చంద్రపూర్‌లో మామూలే. పైగా పులులు బాగా కనిపించేది వేసవిలోనే కాబట్టి మీకు పర్యాటకుల రద్దీ కూడా అప్పుడే. గెస్టుల వెంట కాటేజీలకీ, రిసెప్షన్‌కీ మధ్య రోజంతా తిరుగుతూనే ఉంటావు. సల్వార్ వేసుకున్నప్పుడు రెండు తొడల మధ్య గుడ్డ ఉంటుంది. స్కర్టులో ఏ అడ్డూ ఉండదు, చర్మానికి చర్మమే తగులుతుంది. చెమట పట్టిన చర్మం పొడి చర్మం కంటే ఎక్కువ ఒరుసుకుంటుంది. ఆ చెమట ఆరినా ఉప్పు అక్కడే మిగిలి గరుకుగా గీరుతుంది. లావుగా ఉన్నవాళ్లకే ఇలా అవుతుందని ఎవరైనా అంటే పట్టించుకోకు. సన్నగా ఉన్నవాళ్లకీ అవుతుంది. చీర కింద లంగా కట్టుకుని దూరం నడిచే ఆడవాళ్లను అడుగు, వాళ్లకీ తెలుసు. చైత్రంలో చంద్రపూర్ మహాకాళి గుడి యాత్రకి నడిచి వచ్చే మన ఆడవాళ్లలో ఎంతమంది కాళ్లు ఎడంగా పెట్టి నడుస్తారో నేను చూశాను.

నా సంగతి చెబుతాను, నీకు పనికొస్తుంది. ఓ ప్రైవేటు ఆసుపత్రి రిసెప్షన్‌లో ఉద్యోగం దొరికింది. అక్కడా స్కర్టే. మా ఆయన జీతం అద్దెకీ, ఊళ్లో అత్తగారి మందులకీ సరిపోయేది. నా జీతంలో ఒక్క రూపాయి కూడా దండగ కాకూడదని పట్టు. అందుకే ఆటో ఎక్కకుండా బస్సు దిగిన దగ్గర్నుంచి ఎండలో నడిచేదాన్ని. వారం తిరక్కుండానే తొడలు ఒరుసుకుపోయాయి. పౌడర్ చల్లుకున్నాను. చెమటకి అది ఉండలు కట్టి ఇంకా గీరింది. కొబ్బరినూనె రాసుకుంటే కాసేపు హాయిగా ఉండేది, ఆఫీసు చేరేసరికి ఇంకిపోయేది. మంట తగ్గుతుందని డెట్టాల్ నీళ్లతో కడిగాను, చర్మం లేచిపోయి కళ్లలో నీళ్లు తిరిగాయి.

అప్పుడు మెడికల్ షాపుకి వెళ్లాను. మరాఠీ రాదు. మగవాళ్ల ముందు ఎక్కడని చూపించను? దురద అని హిందీలో చెప్పి ఊరుకున్నాను. అతను ఏమీ అడగకుండా ఓ ట్యూబు ఇచ్చాడు. రాసిన రెండో రోజుకే ఎర్రదనం పోయింది. ఇంత చవకలో పని అయిపోయిందని సంబరపడి అయిపోయినప్పుడల్లా కొనుక్కున్నాను. నెల తర్వాత గజ్జల దాకా గుండ్రంగా తామర పాకింది. చంద్రపూర్‌లో చర్మ డాక్టరమ్మ ఆ ట్యూబు చూసి, ఇందులో స్టెరాయిడ్ ఉంది, పైకి ఎర్రదనం కనిపించకుండా చేసి లోపల ఫంగస్‌ని పెంచింది అన్నారు. తొడ లోపలి చర్మం పల్చగా ఉంటుంది, అక్కడ స్టెరాయిడ్ ఎక్కువ రోజులు రాస్తే ఇంకా పల్చబడి చారలు పడతాయి. నాకు పడిన చారలు ఇప్పటికీ పోలేదు. ఫీజు, వారాల తరబడి మందులు, సెలవులకి కోసిన జీతం కలిపితే ఏడాదంతా ఆటోలో తిరిగినా అంత అయ్యేది కాదు. ఈ క్రీములు డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో నిబంధన కూడా వచ్చింది, వివరాలు నువ్వే చూసుకోవచ్చు. నిబంధన ఉంది కదా అని షాపువాడి మీద భారం వేయకు. ట్యూబు మీద బ్రాండు పేరు కాదు, లోపలి మందు పేరు నువ్వే చదువు. పేరు చివర 'సోన్' అనో, క్లోబెటాసోల్ అనో ఉంటే తీసుకోకు.

ఇక నువ్వు చేయాల్సింది. స్కర్టు కింద తొడ సగం దాకా వచ్చే సైక్లింగ్ షార్ట్స్ వేసుకో. గోల్ బజార్‌లో అడిగితే చూపిస్తారు, బ్రాండు అక్కర్లేదు. ముఖ్యంగా చూడాల్సింది కుట్టు. తొడ లోపలివైపు లావు కుట్టు ఉంటే అదే గీరుతుంది. ఉన్నా పారేయకు, తిరగేసి వేసుకో, కుట్టు బయటికి వస్తుంది, స్కర్టు కింద ఎవరికీ కనిపించదు. పాత లెగ్గింగ్స్ ఉంటే మోకాలి పైకి కత్తిరించు, డబ్బు అసలు ఖర్చు కాదు. సాగి పైకి చుట్టుకునేవి మాత్రం వద్దు, అవి గజ్జల్లో ఉండలా చేరి అక్కడ ఇంకో పుండు పెడతాయి. పూర్తి కాటన్ మెత్తగానే ఉంటుంది కానీ చెమట పీల్చుకుని తడిగానే ఉండిపోతుంది. రోజంతా తిరిగేదానివి కాబట్టి త్వరగా ఆరే నైలాన్‌లోనో పాలిస్టర్‌లోనో లైక్రా కలిసిన గుడ్డ తీసుకో. రెండు జతలు కొని, ఒకటి బ్యాగులో పెట్టుకుని మధ్యాహ్నం మార్చుకో. ఈ ఒక్క ఖర్చుకీ నేను అడ్డు చెప్పను.

షార్ట్స్ వేసుకోలేని రోజున వాజలైన్ రాసుకో. చిన్న డబ్బా చాలు. స్నానం చేసి, బాగా తుడుచుకుని, చర్మం ఆరాక పల్చగా పూయాలి. తడి మీద పూస్తే నిలవదు. బట్టకి జిడ్డు మరక అంటుతుంది, లేత రంగు స్కర్టైతే జాగ్రత్త. నువ్వు చూసిన స్టిక్కులు పనిచేయవని అనను, పనిచేస్తాయి. వాటి పనీ చర్మం జారేలా పొర వేయడమే, ఆ పొర ఈ డబ్బాలోనూ ఉంది. పౌడర్ మాత్రం మానెయ్. ఉండలు కట్టడం ఒక కారణమైతే, చాలా పౌడర్లలో ఉండే టాల్క్ అనే ఖనిజం క్యాన్సర్ కారకం కావచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2024లో వర్గీకరించడం ఇంకో కారణం. గజ్జల దగ్గర అసలు వద్దు.

ఇప్పటికే ఒరుసుకుపోయిన చోట మామూలు నీళ్లతో కడిగి, రుద్దకుండా అద్ది ఆరబెట్టు. సబ్బు, పసుపు, డెట్టాల్ ఏవీ వద్దు. పల్చగా వాజలైన్ పూసి, రాత్రి వదులు పైజామా వేసుకో. రెండు మూడు రోజుల్లో నెమ్మదించాలి. గుండ్రంగా అంచు కట్టి దురద పెట్టినా, చీము పట్టినా, వాసన వచ్చినా ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మ విభాగం ఓపీకి వెళ్లు. లైను ఉంటుంది, ఓపిక పట్టు, డబ్బు మిగులుతుంది. మళ్లీ మళ్లీ వస్తుంటే షుగర్ పరీక్ష కూడా చేయించుకో.

జూన్ మధ్యలో వానలు మొదలయ్యాక తగ్గిపోతుందని అనుకోకు. గాలిలో తడి పెరిగి చెమట ఆరదు, స్కర్టు అంచు తడిసి కాళ్లకి అంటుకుంటుంది, అప్పుడే ఎక్కువ బాధ. అందుకే రెండో జత షార్ట్స్ అప్పటిదాకా వాయిదా వేయకు. మీ మేనేజర్‌ని ప్యాంటు యూనిఫాం అడగడానికి కూడా మొహమాటపడకు. నేను అడిగాను, మరుసటి ఏడాది మా ఆసుపత్రిలో ఆడవాళ్లందరికీ సల్వార్ ఇచ్చారు. గట్టిగా అడిగే ధైర్యం రావాలంటే ముందు రెండు నెలలు సెలవు పెట్టకుండా పనిచేసి చూపించు. జీతం పడిన రోజు ఇంటికి పంపాల్సింది పంపాకే బజారుకి వెళ్లు.